అడుగుకి రెండు నూళ్లు

చిన్నప్పుడు నేనొక బాంబర్ విమానం కట్టాను. నాలుగు ఇంజన్లది. కెనడాలో తయారై, యుద్ధకాలంలో సముద్రం దాటి, జర్మనీ మీద బాంబులు వేసి వచ్చిన లాంకాస్టర్ అనే భారీ విమానానికి అచ్చమైన నమూనా. ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. పెళ్లిచూపుల్లో మామగారికి చెప్పాను. తిరువళ్లూరు నుంచి ఆవడికి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తిరిగిన లోకల్ రైల్లో పక్క సీటువాళ్లందరికీ చెప్పాను. రిటైరైన రోజు శాలువా కప్పినప్పుడు మైకులో కూడా చెప్పాను. చెప్పినకొద్దీ దాని రెక్కలు పెరుగుతూ వచ్చాయి. మొదట్లో మూడడుగులు ఉండేవి, శాలువా నాటికి వాకిట్లో పట్టనంత అయ్యాయి. శోళవరం చెరువు దగ్గర దాన్ని ఎగరేశామనీ, అది కట్ట దాటి పోయి అవతల చేలో దిగిందనీ ఒకాయనకు చెప్పాను. ఆయన నమ్మాడు. నాకే కొంచెం సిగ్గేసింది.

నిజం ఇది. అది ఎగిరేది కాదు, కట్టెతో చేసిన బొమ్మ. కాగితం ప్రకారం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు రెండడుగుల ఒకటిన్నర అంగుళం ఉండాలి. ఉన్నది రెండడుగుల రెండంగుళాలు. ఆ అర అంగుళం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కట్టింది నేను కాదు, మా నాయన. నేను ఉప్పుకాయితంతో రుద్దాను, కాగితం మీద ఉన్న అంకెలు చదివి వినిపించాను. ఇంకొక పని కూడా చేశాను. విమానం కథ విన్నవాళ్లలో ఒక్కరికి కూడా ఆ పని గురించి చెప్పలేదు. నా పిల్లలు తమిళంలో చదువుకున్నారు, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. ఇది తెలుగులో రాయడానికి నాకు వచ్చిన ధైర్యంలో సగం అక్కడిదే.

పోయిన నెల తిరుత్తణిలో మా అక్క పోయింది. దినాలు అయిన మరుసటి రోజు చుట్టాలంతా వెళ్లిపోయాక బావ మంచం కింద నుంచి ఒక రేకుపెట్టె లాగి నా కాళ్ల దగ్గర పెట్టాడు. బావకు ఇప్పుడు ఎనభై దాటాయి. వంగి లేచేసరికి ఆయాసం వచ్చి, కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ నాయనది. మీయక్క దీన్ని ఎవర్నీ ముట్టనిచ్చింది లేదు. నువ్వు తీసుకుపో బామ్మర్దీ. నేను కూడా పొయ్యినాక పాత ఇనప సామానోడు తీసుకుపోతాడు," అన్నాడు.

పెట్టె తెచ్చి తిరువళ్లూరులో మా ఇంట్లో పెట్టుకుని రెండు రోజులు మూత తియ్యలేదు. అందులో ఏముంటుందో నాకు తెలుసు అనుకున్నాను. ఉలులు, ఆకురాళ్లు, చిత్రిక పట్టే సామాను, అడుగున ఒక స్కేలు. ఆ స్కేలు చూడాలనిపించలేదు. మూత సందులోంచి మాత్రం వజ్రం జిగురు వాసన వస్తూనే ఉంది. ఎద్దు తోళ్లు ఉడకబెట్టి చేసే ఆ జిగురు వాసన, లక్క పాలిష్ వాసన, ఈ రెండూ కలిస్తే మా నాయన.

నాయన మద్రాసు దగ్గర పట్టాభిరామ్ అనే ఊరి పక్కన ఒక ఉక్కు ఫౌండ్రీలో ప్యాటర్న్ మేస్త్రి. ఉక్కు కరిగించి మట్టి అచ్చులో పోస్తారు. ఆ మట్టిలో అచ్చు పడాలంటే ముందు అదే ఆకారంలో కట్టెబొమ్మ ఒకటి కావాలి. ఆ బొమ్మలు చెయ్యడం ఆయన పని. రైలుపెట్టెల భాగాలు, పంపుల చక్రాలు, పేరు తెలియని మలుపులూ గుంతలూ ఉన్న సామాన్లు. మా తాతలనాటి నుంచీ సేద్యం చేసిన కుటుంబంలో కట్టె పట్టిన మొదటివాడు ఆయనే. దాంతో ఆయనకు ఇంట్లో ప్రతిదీ కొలతే. అమ్మ దోసె పోస్తే "నడిమి భాగం రెండు నూళ్లు ఎడమకి జరిగిపొయ్యిందే" అనేవాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అమ్మ అట్లకాడ ఎత్తి "కొలుచుకోని తినేవాళ్లు ఫౌండ్రీలోనే తినండి" అనేది. ఆయన నవ్వకుండా ఆ దోసెనే మడిచి తినేవాడు. పొద్దున రైలుకు పోయే ముందు పెన్సిల్ చెక్కుకునేవాడు, ఉలి మొనలా పలకగా. మేమెవరమైనా దాంతో రాస్తే సాయంత్రం వచ్చి మొన చూసి ఎవరు రాశారో చెప్పేవాడు. అది ఎట్లా తెలిసేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎప్పుడూ నన్నే అనేవాడు, ఎప్పుడూ నేనే.

ఆయన దగ్గర రెండు ఉక్కు స్కేళ్లు ఉండేవి. ఒకటి మామూలుది. రెండోది పొడుగు స్కేలు. ఉక్కు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, అడుగుకి రెండు నూళ్లు. అందుకని కట్టెబొమ్మను ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతి కొలతకూ లెక్క కట్టుకునే పని లేకుండా ఈ పొడుగు స్కేలులో అంగుళాలనే సాగదీసి గీస్తారు. దాని మీదా పన్నెండే ఉంటాయి, అంకెలూ అవే. రెండు స్కేళ్లూ పక్కపక్కన పెడితే తప్ప తేడా కనపడదు. ఒక చివర చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో అది ఏ రకమో కొట్టి ఉంటుంది. కానీ ఆ దుమ్ములో ఎవరు చదువుతారు. ఒకదానికి బదులు ఇంకొకటి చేతికొస్తే పోత మొత్తం పారెయ్యాలి. అందుకని ఫౌండ్రీలో ఒక అలవాటు ఉండేది, పొడుగు స్కేలు రంధ్రానికి ఎర్రదారం కట్టడం. నాయన ముడి వేరేగా ఉండేది. రెండు చుట్లు చుట్టి, కొసను చుట్ల కిందికి దోపి, గోటితో నొక్కేవాడు. స్కేలు ఎత్తగానే బొటనవేలు ముందు ఆ రంధ్రం మీదికి పోయేది. దారం తగిలితే పొడుగుది, తగలకపోతే మామూలుది.

నాకు పదమూడో ఏడు నడుస్తుండగా ఫౌండ్రీలో లోహపు రవ్వ ఎగిరి నాయన కుడికంట్లో పడింది. మద్రాసులో ఆపరేషన్ చేశారు. కన్ను నిలిచింది కానీ చూపు పలచబడింది, రెండో కంట్లో ఎప్పుడూ నీళ్లు. దూరంగా ఉన్న మనిషిని గుర్తుపట్టేవాడు, దగ్గర ఉన్న సన్న అక్షరాన్ని పట్టేవాడు కాదు. ఫౌండ్రీ పెద్ద మేస్త్రి ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చుని, "నాయుడన్నా, నీ బెంచి నేను ఎవరికీ ఇయ్యను. కన్ను కుదిరిందా లేదా అనేది నువ్వే చూసుకోని చెప్పు. నువ్వు సరి అంటే సరి," అన్నాడు. డాక్టరు చెప్పాలనలేదు, పరీక్ష పెడతామనలేదు. నాయన మాట చాలన్నాడు. అది మర్యాద. నాయనకు అదే బరువైంది. మూడు నెలలు తిన్నె మీద కూర్చుని తన చేతులు తానే చూసుకుంటూ గడిపాడు. సరి అనడానికి ధైర్యం చాల్లేదు, కాదనడానికి మనసొప్పలేదు.

అప్పుడు మా వీధి చివర మిషన్ దవాఖానాలో కెనడా నర్సమ్మ ఒకామె ఉండేది. మా ఊరికి రాకముందు చాలా ఏళ్లు కోస్తా జిల్లాల్లో పనిచేసింది కాబట్టి ఆమె తెలుగంతా "అండీ" తెలుగు. మా అక్క ఆమెలాగా మాట్లాడి చూపించి అమ్మ చేత మొట్టికాయలు తినేది. నాయన కంట్లో చుక్కలు వేయించుకోవడానికి పోతుంటే నేను తోడు పోయేవాణ్ణి. ఒక రోజు దవాఖానా మందుల బీరువా తలుపు పట్టడం లేదని నాయన నిలబడి, చేత్తో తడిమి, అరిగిన చోటు చెప్పి, మా ఇంటి నుంచి నాచేత ఉలి తెప్పించి పది నిమిషాల్లో సరిచేశాడు. ఆమె ఆ తలుపును నాలుగుసార్లు తీసి వేసింది. మరుసటి వారం ఒక మడతల కాగితం, ఒక ఫొటో తెచ్చి బల్ల మీద పరిచింది.

కాగితం ఏదో పత్రికలోంచి కోసిన విమానం నక్షా. పక్కనుంచి, పైనుంచి, ముందునుంచి గీసి కొలతలన్నీ అడుగుల్లో రాసి ఉన్నాయి. ఫొటోలో అదే విమానం తోక దగ్గర ఒక కుర్రవాడు, తలకంటే పెద్ద టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు. "నా తమ్ముడండీ. ఈ వెనక గాజుగూట్లో కూర్చునేవాడు. మా ఊరి దగ్గర ఫ్యాక్టరీలోనే ఈ విమానాలు కట్టేవారు. నేనూ అందులో రేకులకు మేకులు కొట్టాను. వాడు తిరిగి రాలేదండీ," అంది. తను ఇంక కెనడాకు పూర్తిగా వెళ్లిపోతున్నాననీ, ఆరు వారాల్లో ప్రయాణమనీ, తొంభై ఏళ్ల తల్లి ఆ విమానాన్ని ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదనీ, కొడుకు ఎక్కడ కూర్చునేవాడో చేత్తో పట్టుకుని చూడాలని అడుగుతోందనీ చెప్పింది. "మీరు కట్టెతో చేసి ఇవ్వగలరాండీ?"

"కళ్లు లేవమ్మా," అన్నాడు నాయన.

"తలుపు కళ్లతో చేశారాండీ?"

నాయన బల్ల మీది కాగితాన్ని వేళ్లతో తడిమాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "వీడు అంకెలు చదువుతాడు. నేను చేస్తా," అన్నాడు. ఇంటికొచ్చేదారిలో అన్న మాట నాకు బాగా గుర్తు. "అబ్బోడా, కళ్లు నీవి, చేతులు నావి. ఇది అళవు తప్పకుండా, కొలతకు కొలత వస్తే నేను మళ్లీ బెంచి కాడికి పోతా. రాకపోతే నా చెయ్యి పొయ్యినట్టే లెక్క. ఇంకెవర్నీ అడగాల్సిన పన్లే." కెనడాలో కొనడానికి విమానం బొమ్మలు దొరకకనా ఆమె మా నాయనను అడిగింది అనే ప్రశ్న నాకు నలభై ఏళ్ల తర్వాత తోచింది. అప్పటికి అడగడానికి ఆమె లేదు.

పని మొదలైంది. నాలుగు అడుగులను ఒక అంగుళంగా తగ్గించాలి. నేను చదివేవాణ్ణి, నాయన నోటితోనే లెక్క కట్టి మామూలు స్కేలుతో గీత పెట్టేవాడు. పసుపురంగు కదంబ కట్టె తెప్పించాడు, పోగులు లేకుండా వెన్నలా తెగుతుందని. మొదటి మూడు వారాల్లో విమానం ఒళ్లు తయారైంది. ముక్కు, పైలట్ గూడు, బాంబుల పొట్ట, తోకలో ఆ తమ్ముడి గాజుగూడు. రెక్కలు దూర్చడానికి పొట్టకు అడ్డంగా సరిగ్గా నాలుగంగుళాల గాడి. నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో తడుముతూ ఉంటే అమ్మ "బిడ్డను నిద్ర పుచ్చుతుండావా" అనేది. ఆ మూడు వారాల్లో ఆయన మళ్లీ పాటలు పాడాడు. శ్రుతి లేదు, అమ్మ చెవులు మూసుకుంది. కానీ పాడాడు.

ఇప్పుడు నా సంగతి. శోళవరంలో యుద్ధకాలంలో విమానాలు దిగడానికి వేసిన సిమెంటు బాట ఒకటి ఉండేది. అప్పట్లో దాని మీద కార్ల పందేలు జరిగేవి. అక్కడికి పోవద్దని నాయన గట్టిగా చెప్పి ఉన్నాడు, పోయిన ఏడాది ఒక కారు జనంలోకి దూసుకొచ్చిందని. నేను పోయాను. నలుగురం బస్సెక్కి పోయాం. పందెం డ్రైవరు ఒకడు నన్ను తన కారులో కూర్చోబెట్టుకున్నాడని తర్వాత స్కూల్లో చెప్పాను. అబద్ధం. కట్ట మీద ముళ్లచెట్ల మధ్య నిలబడి దుమ్ము చూశాను, అంతే. కానీ పోయింది పందేలకోసం మాత్రమే కాదు, ఇది ఎవరూ నమ్మరు. మా విమానం అసలు సైజులో ఆ బాటలో దిగగలదా లేదా కొలవాలని పోయాను. నాయన మామూలు స్కేలును చొక్కా కింద నడుముకు దోపుకుని తీసుకుపోయాను. సిమెంటు పలక ఒకటి ఎంత వెడల్పో మోకాళ్ల మీద కూర్చుని కొలుస్తుంటే ఎవరో అరిచారు, కార్లు బయల్దేరాయి, జనం పరిగెత్తారు, నేనూ పరిగెత్తాను. తిరిగి చూస్తే స్కేలు లేదు. సాయంత్రందాకా గడ్డిలో వెతికాను.

ఇంటికొచ్చి చేసిన పని ఇది. పెట్టెలోంచి పొడుగు స్కేలు తీశాను. ఎర్రదారాన్ని బ్లేడుతో కోసి పొయ్యిలో వేశాను. దారం లేని ఆ స్కేలును మామూలు స్కేలు ఉండే చోట పెట్టాను. అడుగుకి రెండు నూళ్లే కదా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పొద్దున నాయనతో, "పొడుగు స్కేలు కనపడలేదు నాయనా," అన్నాను.

"యాడన్నా పడుంటుందిలే. ఇంట్లో దాంతో పనేముండాది. మామూలుది ఉండాదా?"

"ఉండాది."

ఆయన స్కేలు ఎత్తాడు. బొటనవేలు రంధ్రం మీదికి పోయింది. దారం లేదు. తృప్తిగా కట్టె మీద పెట్టి, "చదువు," అన్నాడు. నేను చదివాను. పది రోజులు చదివాను. రెక్కలు ఆ స్కేలుతో తయారయ్యాయి.

రెక్కలు గాడిలో పెట్టిన రోజు మధ్యాహ్నం, అమ్మ ఉలవలు చెరుగుతోంది. రెక్క దూరలేదు. బియ్యపుగింజ మందం అడ్డం పడింది. నాయన తీసి, ఊదుకుని, మళ్లీ పెట్టాడు. దూరలేదు. స్కేలు తీసుకుని రెక్క కొలిచాడు, నన్ను చదవమన్నాడు. నాలుగంగుళాలు. సరిగ్గా ఉంది. గాడి కొలిచాడు.

"ఎంతరా?"

"నాలుగుకి కొంచెం తక్కువ నాయనా."

ఒళ్లు పొడుగు కొలిచాడు. మూడు నూళ్లు తక్కువ. ముక్కు కొలిచాడు, తోక కొలిచాడు. అన్నీ తక్కువ. మూడు వారాలపాటు ఒళ్లో పెట్టుకుని తడిమిన ఆ ఒళ్లంతా చిన్నదైపోయి ఉంది. ఉక్కు స్కేలు చేతిలో ఉండగా దాన్ని అనుమానించడం ఆయనకు రాదు. తనను అనుమానించుకోవడం వచ్చు. చెప్పడానికి నాకు ఆ క్షణం ఉంది. నోరు తెరిచాను కూడా. ఆయన స్కేలు కింద పెట్టి, "సరే," అన్నాడు, ఎవరితోనో మాట్లాడినట్టు. "చెయ్యి పొయ్యింది." నేను నోరు మూసుకున్నాను. శోళవరం పోయినందుకు తగిలే నాలుగు దెబ్బలకు భయపడ్డాను. అంతకు మించి కారణం లేదు. ఉంటే బాగుండునని ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను.

మళ్లీ చెయ్యడానికి రోజుల్లేవు. గాడిని ఆకురాయితో వెడల్పు చేసి రెక్కలు అతికించాడు, ఇంజన్లు పెట్టాడు, నల్లరంగు వేశాడు. చూసినవాళ్లెవరికీ తప్పు కనిపించలేదు. నర్సమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తోకలో గాజుగూటి దగ్గర వేలు పెట్టి అట్లాగే నిలబడింది. నాయన ఆగలేకపోయాడు. "అమ్మా, ఇందులో తప్పుండాది. రెక్కలు సరిగ్గా ఉండాయి, ఒళ్లు చిన్నదైపొయ్యింది. నా వల్లనే."

ఆమె అక్కణ్ణుంచి వేలు తియ్యకుండానే, "వాడూ చిన్నవాడేనండీ. వాళ్లిచ్చిన కోటు వాడికి ఎప్పుడూ వదులే," అంది.

ఆ వారమే నాయన పట్టాభిరామ్ పోయి పెద్ద మేస్త్రికి చెప్పి వచ్చాడు. మేస్త్రి ఒకసారి ఇంటికొచ్చి, "ఒక్క బొమ్మ చూసి తీర్పు చెప్పుకుంటారా అన్నా, నేను చూస్తా తీసుకురా" అన్నాడు. చూడడానికి బొమ్మ అప్పటికే ఓడలో ఉంది. నాయన పనిముట్లకు నూనె రాసి రేకుపెట్టెలో పెట్టేశాడు. ఆరు నెలలు ఏ పనీ దొరకలేదు. తర్వాత మా చిన్నమామ తిరుత్తణిలో గుడికొండ కింద భక్తుల చెప్పులు దాచే కొట్టు ఒకటి ఇప్పించాడు. నన్ను తిరువళ్లూరులో అత్త ఇంట్లో చదువుకోమని వదిలి, నాయన, అమ్మ, అక్క తిరుత్తణికి మారారు. ఉక్కులో వెంట్రుకవాసి తేడా పట్టిన మనిషి భక్తుల చెప్పులు జత కలిపి, టోకెన్ రేకు ఇచ్చి, తిరిగి వచ్చినప్పుడు వేళ్లతో తడిమి టోకెన్ అంకె గుర్తుపట్టేవాడు. ఆడికృత్తిక పండక్కి కావళ్లు వచ్చే రోజుల్లో వేలకొద్దీ చెప్పులు. ఒక్క జత కూడా తప్పేది కాదట. గుండు గీయించుకుని వచ్చే జనం ఆయన్ను "చెప్పుల తాత" అనేవారు. అప్పటికి ఆయనకు యాభై నిండలేదు.

నేను ప్రతి ఆదివారం రైల్లో పోయేవాణ్ణి. ఆయన కొట్టులో పక్కన కూర్చోబెట్టుకుని, అక్క తెచ్చిన చింతపండు అన్నం పెట్టి, చదువు గురించి రెండు మాటలడిగి, తర్వాత చెప్పుల వరసల వైపు చూస్తూ, "ఇంకేమబ్బోడా?" అనేవాడు. అది ఆయన మాటతీరు అనుకున్నాను. నా డిగ్రీ అయ్యేలోపే పోయాడు. అక్కడే, కొట్టులో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

మూడో రోజు పెట్టె మూత తీశాను. ఉలులు తుప్పు పట్టాయి. అడుగున నూనె కాగితంలో చుట్టి స్కేలు ఉంది. దానికి ఎర్రదారం కట్టి ఉంది.

ముడి చూశాను. రెండు చుట్లు, కొస చుట్ల కిందికి దోపి, గోటితో నొక్కి ఉంది. నేను కోసింది పొయ్యిలో కాలిపోయింది, కళ్లారా చూశాను. స్కేలు చేతిలో పట్టుకునే బావకు ఫోన్ చేశాను.

"ఆ దారం ఎవరు కట్టినారు బావా?"

"మామే కట్టినాడు. నేను మీయక్కను చేసుకున్న కొత్తల్లో. కొట్లో కూర్చోని ఒగనాడు ఆ స్కేలు నా చేతికిచ్చి, అల్లుడా, ఈ కొసన సన్నగా ఏమో కొట్టుంటారు, చదువు అన్నాడు. చదివినా. నాకేం తెలుసు, ఏదో ఇంగ్లీషు. ఇంకోసారి చదువు అన్నాడు. ఇంకోసారి చదివినా."

"ఏమన్నాడు?"

"నాతో ఏం అన్లేదు. తనలో తనే మాట్లాడుకున్నాడు. ఒక చోట తప్పితే చెయ్యి తప్పు, అన్ని చోట్లా ఒకే లెక్కన తప్పితే చెయ్యి ఎట్ల తప్పయితాది అన్నాడు. ఎన్ని దినాలుగా ఆ లెక్క కడతా ఉన్నాడో నాకు తెలవదు. తర్వాత, నా చెయ్యి తప్పలేదప్పా అన్నాడు. రెండు మాట్లు అన్నాడు. ఎర్రదారం దొరుకుతాదా అంటే కావడి కట్టేవాళ్ల కాడ తెచ్చి ఇచ్చినా."

"మళ్లీ ఫౌండ్రీకి పోతాననలేదా?"

"యాడి ఫౌండ్రీ? అప్పటికే ఆ బెంచి ఇంకొకరికి ఇచ్చేసినారు. నేనే అడిగినా. అవళోదాన్ అనేసినాడు, తమిళంలో. అంతే అని."

"నా గురించి ఏమన్నా..."

"నీ గురించి ఏమీ అన్లేదు బామ్మర్దీ. మీయక్కకు మాత్రం చెప్పినాడు, పెట్టె ఎవర్నీ ముట్టనియ్యొద్దు, వాడే అడుగుతాడు అని. ఆమె చూసినాది చూసినాది, నువ్వు ఎప్పుడూ అడగలే."

ఫోన్ పెట్టేశాక మనవరాలి పెట్టెలోంచి ప్లాస్టిక్ స్కేలు తెచ్చి దీని పక్కన పెట్టాను. ఒక కొస కలిసింది, రెండో కొసన రెండు నూళ్లు బయటికి వచ్చింది. ఇప్పుడు ఇవన్నీ ఎవరికీ అక్కర్లేదు. ఫోన్ చూపిస్తే గోడ పొడుగు చెబుతుంది, బాంబర్ విమానం కావాలంటే ముక్కలన్నీ అచ్చుపోసి డబ్బాలో వస్తాయి, తప్పు జరగడానికి అందులో చోటే లేదు. పట్టాభిరామ్‌లో ఆ ఫౌండ్రీ ఉన్న చోట మూడంతస్తుల ఇళ్లు లేచాయి, శోళవరంలో పందేలు ఆగిపోయి చాలా ఏళ్లయింది. కెనడాలో ఎవరింట్లోనో, ఒళ్లు సరిగ్గా ఉండి రెక్కలు అర అంగుళం పెరిగిన నల్ల విమానం ఒకటి ఉండి ఉండాలి. ఒళ్లే తప్పని మా నాయన ఆమెకు క్షమాపణ చెప్పాడు. ఆ ఒళ్లు వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

దారం కట్టిన తర్వాత ఆయన మూడేళ్లు బతికాడు. ఆ మూడేళ్లలో ఏ ఆదివారమూ నేను మానలేదు. చింతపండు అన్నం తిన్నాక, చెప్పుల వరసల వైపు చూస్తూ ఆయన "ఇంకేమబ్బోడా?" అనేవాడు. అని, నా వైపు తిరక్కుండా, వింటున్నట్టు కాసేపు ఆగేవాడు. నేను చెయ్యి కడుక్కుంటూ ప్రతిసారీ ఒకే జవాబు చెప్పాను. ఈ విమానం గురించి ఇన్నేళ్లలో నేను చెప్పినవాటిలో రెండు నూళ్లయినా కలపకుండా చెప్పిన మాటలు ఆ మూడే.

ఏం లేదు నాయనా.